జెనెట్ కాసిన ఏడు

ఆ ఏడు మా లోయ మొత్తానికి యాపిల్ కాసింది మా అత్తగారి చెట్లొక్కటే. అందుకని లోయంతా ఆమెను నెత్తిన పెట్టుకుందనుకుంటే పొరపాటు. నెత్తిన పెట్టుకోవడం మాట దేవుడెరుగు, సెప్టెంబరు వెళ్ళేసరికి ఆదివారం చర్చిలో మేం కూర్చున్న బల్ల మీద మా పక్కకి ఎవరూ వచ్చేవారు కాదు. వెనక నిలబడి పాటలు పాడారు గాని మా పక్కన కూర్చోలేదు.

మా అత్తగారి పేరు ఒర్లీనా. కొండ వాలులో ఉన్న మా తోట ఆమెకు పుట్టింటి వాటాగా వచ్చింది. వాటా పంచుకున్న తమ్ముడు హోబర్ట్ తన భాగం అమ్మేసి, రైలు స్టేషన్ పక్కన ప్యాకింగ్ షెడ్డు కట్టుకున్నాడు. లోయలో ఎవరి చెట్టున కాసినా ఆ షెడ్డులోంచే పట్నం పోవాలి. మా ఆడవాళ్ళలో సగం మందికి ఆకురాలు కాలంలో అక్కడే పని. నా భర్త గార్లండ్‌కు హోబర్ట్ మేనమామే కాదు, తండ్రి పోయాక పెద్దదిక్కు కూడా. మావయ్య మాట కాదనడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు.

నేను మిల్లు ఊరి పిల్లని. నూలు మిల్లు కూత విని లేచి, కూత విని పడుకున్నదాన్ని. యాపిల్ ఎర్రగా ఉంటుందన్న సంగతి తప్ప నాకేమీ తెలియదు. కాపురానికి వచ్చిన మొదటి వేసవిలోనే అత్తగారు నా చేతికి బుట్ట ఇచ్చి చెట్టు చెట్టుకీ తిప్పింది. ఏ కాయైనా కోసి గింజ చూడాలి, నల్లబడితేనే పండినట్టు, తెల్లగా ఉంటే ఇంకా పచ్చిదేనని చెప్పింది. అన్నిటికంటే ముందు వచ్చే ట్రాన్స్‌పరెంట్ అనే రకానికి తోలు మరీ పల్చన, వేలు ఆనితే కమిలిపోతుంది. కోసిన పూటే పొయ్యి మీద పెడితే గరిటె అక్కర్లేకుండా గుజ్జవుతుంది. హార్స్ యాపిల్ పచ్చిది కొరికితే పళ్ళు పులిసిపోతాయి గాని, ముక్కలు కోసి రేకుల మీద ఎండబెడితే చలికాలం కజ్జికాయల్లోకి దాన్ని మించింది లేదు. వుల్ఫ్ రివర్ పసిపిల్ల తలకాయంత ఉంటుంది. ఒక్క కాయ ఇంటిల్లిపాదికీ వస్తుంది, కాని వండకుండా తింటే దూది నమిలినట్టే. స్టేమన్ నోట్లో వేసుకుంటే అమృతం, కోత ముందు ఒక్క వాన పడిందా, కాయకాయా పగులుతుంది. ఇక తోటలో ముప్పాతిక భాగం ఆక్రమించుకున్న ఎర్ర డెలీషియస్ దగ్గరికొచ్చేసరికి ఆమె అడుగు కూడా ఆగేది కాదు.

"పైన పటారం లోన లొటారం. అచ్చం మా హోబర్ట్" అనేది.

తోట పై అంచున కొండను ఆనుకుని కొన్ని పాత వరసలు ఉండేవి. అవి జెనెట్. చూపులకు ఏమీ ఉండదు ఆ కాయ. మట్టి పట్టిన ఆకుపచ్చ రంగు, ఒక పక్క చెంపదెబ్బ తిన్నట్టు మసక ఎరుపు. అన్ని చెట్లూ పూసి రాల్చేసుకున్నాక గాని అది పువ్వు విప్పదు. అన్నీ కోసి ఇంటికి చేర్చాక గాని పక్వానికి రాదు. అప్పుడు కూడా రాయిలాగే ఉంటుంది. గడ్డిలో పొదిగి నేలమాళిగలో పెడితే, క్రిస్మస్ వెళ్ళాక ఎప్పుడో మెత్తబడి, లోయలో ఇంకో పండన్నది లేని రోజుల్లో తీపెక్కుతుంది. బద్ధకపు చెట్టు అనేవాడు హోబర్ట్. ఆ వరసలు పీకించి కొత్త రకం ఎర్రవి నాటమని, మొక్కలు తనే ఇస్తానని ఆ చలికాలమంతా గార్లండ్ చెవిలో జోరీగలా పోరాడు. గార్లండ్ సరేనన్నాడు. అత్తగారు మాత్రం నేల గడ్డకట్టి ఉంది, కరగనివ్వండి అంది. నేల కరిగాక, బురదగా ఉంది, ఆరనివ్వండి అంది. అలా సాగదీస్తూ ఈస్టర్ దాకా తెచ్చింది.

ఈస్టర్ వెళ్ళిన వారం లోయంతా డెలీషియస్సూ మిగతా రకాలూ విరగబూసి ఉండగా మంచు కురిసింది. పొద్దున్నే నేనూ అత్తగారూ తోటలోకి వెళ్ళాం. పూలు ఎప్పటిలాగే తెల్లగా, అందంగా ఉన్నాయి. ఏమీ కాలేదని నేను ఊపిరి పీల్చుకోబోతుంటే ఆమె ఒక పువ్వు తుంపి, బొటనవేలి గోరుతో మధ్యకి చీల్చి నాకు చూపించింది. లోపల బొట్టు పెట్టినట్టు నల్లగా ఉంది, ఇక కాయ కట్టదు. ఇంకో చెట్టు, ఇంకో పువ్వు. అదీ అంతే. గార్లండ్ కంచె దగ్గర నిలబడి చూస్తున్నాడు గాని దగ్గరకు రాలేదు. అత్తగారు కొండ అంచుకు నడిచింది. జెనెట్ కొమ్మల మీద మొగ్గలు ఇంకా ఎలుక చెవుల్లా ముడుచుకునే ఉన్నాయి. ఒక మొగ్గ చీల్చింది. లేత ఆకుపచ్చ.

ఆమె నవ్వలేదు. చేతులు ఏప్రానుకు తుడుచుకుని, "ఈ ఏడు మొక్కలు నాటడం కుదరదని మీ మావయ్యకి చెప్పు" అని కొడుకుతో అని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

జూన్‌లో మేమిద్దరం నిచ్చెనలెక్కి జెనెట్ పిందెలు తుంపి పడేశాం. అది కాయడమంటూ మొదలుపెడితే కొమ్మ విరిగేదాకా కాస్తుంది. పల్చన చెయ్యకపోతే కాయలు గోళీలంత ఉండిపోతాయి. లోయ మొత్తంలో అవే కాయలు, అందులో సగం తుంపి నేలపాలు చేస్తున్నామని దారినపోయే వాళ్ళు ఆగి మరీ చూశారు. ముసలమ్మకి మతి పోయిందని షెడ్డులో అనుకున్నారని గార్లండ్ చెప్పాడు. మతి పోతే నీ మావయ్య షెడ్డులో దొరికిందేమో చూడమంది అత్తగారు.

ఆగస్టులో హోబర్ట్ భోజనానికి వచ్చాడు. అక్క వండిన బీన్సూ, మొక్కజొన్న రొట్టే మెచ్చుకుంటూ రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. తరవాత అసలు సంగతి బయటపెట్టాడు. పట్నంలో దుకాణాల వాళ్ళకు సెప్టెంబరులో యాపిల్స్ పంపుతానని మాటిచ్చి ఉన్నాడు. పంపలేకపోతే వచ్చే ఏడు వాళ్ళు మన కొండల వైపే చూడరు. కనక జెనెట్ మొత్తం తనే కొంటాడు. ఎప్పుడూ లేని ధర ఇస్తాడు. కాకపోతే సెప్టెంబరు మొదటి వారంలోనే కోసెయ్యాలి. మైనం పట్టించి, కాస్త రంగు తేలేలా తోమి, పెట్టె మీద అందరికీ తెలిసిన పేరేదో వేస్తాడు. షెడ్డు నడుస్తుంది, ఆడవాళ్ళకు కూలి దొరుకుతుంది. అందరికీ మంచిదే కదా అన్నాడు. గార్లండ్ అప్పటికే ఒప్పుకున్నాడని అతని ముఖం చూస్తేనే నాకు తెలిసింది.

అత్తగారు లేచి బయటికి వెళ్ళి, ఏప్రాన్‌లో రెండు జెనెట్ కాయలు వేసుకుని వచ్చింది. ఒకటి తమ్ముడి కంచంలో పెట్టింది.

"తిను" అంది.

"ఇప్పుడెందుకక్కా, కడుపు నిండా తిన్నాను."

"డబ్బు పోసి కొన్నవాడు తినాలిగా. నువ్వు తిన్నాక మాట్లాడదాం."

హోబర్ట్ కాయ తీసుకుని కొరికాడు. కర్ర కొరికిన చప్పుడైంది. దవడలు రెండూ బిగుసుకుపోయాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉమ్మేస్తాడనుకున్నాను. వాళ్ళిద్దరూ ఒక్క తల్లి బిడ్డలని నాకు అప్పుడే తెలిసొచ్చింది. అక్క కళ్ళలోకే చూస్తూ, ఒక్కో ముక్కా నమిలి మింగుతూ, నడిమి బొడ్డు కూడా వదలకుండా మొత్తం తిన్నాడు. తొడిమ ఒక్కటి కంచం అంచున పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"బాగుంది" అన్నాడు.

"అబద్ధం చెప్పడానికి కూడా పళ్ళు గట్టిగా ఉండాల్రా" అంది ఆమె. "నువ్వు నా తమ్ముడివి కాబట్టి తిన్నావు. పట్నంలో వాళ్ళు నాకేమీ తమ్ముళ్ళు కారు. ఒక్క ముక్క కొరికి ఉమ్మేస్తారు. ఇంక ఏ ఏడూ మన కొండ కాయ ముట్టరు. అక్టోబరు వెళ్ళనీ, అప్పుడు రా."

అక్టోబరు వెళ్ళాక తనకెందుకని హోబర్ట్ లేచాడు. పోతూ పోతూ, వారం రోజుల్లో లారీలు పంపుతానని గార్లండ్‌కు చెప్పాడు. తల్లీకొడుకులు ఆ పూట మాట్లాడుకున్నది తక్కువే. కాయలు చెట్టున ఉన్నంతసేపూ అవి దేవుడి చేతిలో ఉన్నట్టే, గాలి రావచ్చు, వడగళ్ళు పడవచ్చు, చేతికొచ్చిన డబ్బు కాదనుకుంటే రేపు ఏం తింటామని అతను అడిగాడు. అందులో తప్పేమీ లేదు. తోట తన పేర ఉందనీ, తన కాయకి ఇంకో పేరు పెట్టించననీ ఆమె అంది.

నేను గిన్నెలు తోముతూ, బల్ల మీద మిగిలిపోయిన రెండో కాయ కొరికి చూశాను. ఆ రుచి నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఒక క్రిస్మస్‌కు అమ్మ మిల్లు గేటు దగ్గర లారీవాడి దగ్గర ఒక బుట్ట యాపిల్స్ కొని తెచ్చింది. పైకి నిగనిగలాడుతూ ఉన్నాయి. మేం పిల్లలం కొరికి ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అమ్మ అన్నీ వెనక్కి తీసుకుని, ఉన్న పంచదారంతా పోసి ఉడకబెట్టి, ఇవి ఉడకబెట్టుకునే రకం, నాకు ముందే తెలుసు అంది. ఆ కాయల పేరు ఏమిటో నాకు అప్పుడు తెలియదు.

లారీలు వచ్చిన పొద్దున లోయంతా పొగమంచు పట్టి ఉంది. తోటలోకి ఉన్నది ఒకటే బాట, రెండు పక్కలా గట్లు. అత్తగారు వంటింటి కుర్చీ ఒకటి మోసుకెళ్ళి బాట నడిమధ్య వేసుకుంది. ఒళ్ళో గిన్నె పెట్టుకుని బీన్స్ ఈనెలు తీస్తూ కూర్చుంది. ముందు లారీ ఆమె మోకాళ్ళకు కాస్త దూరంలో ఆగింది. హోబర్ట్ దిగాడు. వెనక లారీలో కోతకు వచ్చిన మనుషులు, అందరూ మాకు తెలిసినవాళ్ళే, తలలు బయటపెట్టి చూస్తున్నారు.

"కుర్చీ తియ్యక్కా."

"కాళ్ళు నొప్పులురా. లేవలేను."

"నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. కళ్ళున్నాయిగా."

హోబర్ట్ మేనల్లుడి వైపు చూశాడు. గార్లండ్ నిచ్చెనల బండి పక్కన నిలబడి ఉన్నాడు, ముఖం ఎర్రబడి. తల్లిని పట్టుకుని లేపడానికి అతనికి చేతులు రాలేదు. నా వైపు తిరిగి, "వెర్లీ, అమ్మని లోపలికి తీసుకెళ్ళు" అన్నాడు.

నేను ఇంట్లోకి వెళ్ళాను. అత్తగారి శాలువా కోసం వెళ్ళాననుకుని ఉంటారు. వంటింట్లో మిగిలిన కుర్చీల్లో ఒకటి తీసుకుని, బాట మీదికి వచ్చి, ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాను. గిన్నెలోంచి గుప్పెడు బీన్స్ నా ఒళ్ళోకి తీసుకున్నాను. ఆమె నా వైపు చూడలేదు, గిన్నె మాత్రం కొంచెం ఇటు జరిపింది.

కాసేపటికి డ్రైవరు ఇంజను ఆపేశాడు. మా చేతుల్లో ఈనెలు తెగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. బాటలో మళ్ళించే చోటు లేదు. అందుకని లారీలు రెండూ వచ్చిన దారినే, రోడ్డు దాకా వెనక్కి వెనక్కి పోవలసి వచ్చింది.

ఆ వారం లోపే గార్లండ్ మా మిల్లు ఊళ్ళో పనికి కుదిరాడు. మా నాన్న పనిచేసిన స్పిన్నింగ్ గదిలోనే. అరిచి పోయి ఉంటే బాగుండేది. బట్టలు సర్దుకుని, కట్టెలు కొట్టి వసారాలో పేర్చి, చలికాలానికి చాలుతాయని నాతో చెప్పి మరీ పోయాడు. షెడ్డు ఆ ఏడు తెరవలేదు. కూలి పోయిన వాళ్ళందరికీ మేమే కనిపించాం. హోబర్ట్ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండానే దుకాణంలో మాకు పలకరింపులు కరువయ్యాయి.

అక్టోబరులో సముద్రం మీది తుఫాను కొండలెక్కి వచ్చింది. తెల్లారి చూస్తే చెట్ల కింద నేల కనబడలేదు. కాపులో మూడో వంతు రాలిపోయింది. గార్లండ్ అన్న మాటే నిజమైందనుకున్నాను. ఏడుపు ఆపుకోలేక, ఇప్పుడేం చేద్దామని అత్తగారిని అడిగాను.

"ఏడిస్తే తిరిగి అతుక్కుంటాయా" అంది. "పో, ఇంటింటికీ వెళ్ళి చెప్పు. రాలినవి ఎవరైనా ఏరుకోవచ్చు, ఊరికే."

ఇంటింటికీ వెళ్ళాను. తలుపులు తీసినవాళ్ళు విన్నారు గాని మొదట ఎవరూ కదల్లేదు. సాయంత్రానికి డెల్ఫియా వచ్చింది. షెడ్డులో ఆడవాళ్ళందరి మీదా పెత్తనం చేసే మనిషి. రెండు బకెట్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

"నీ మీద ప్రేమ పొంగి రాలేదు ఒర్లీనా. కాయల కోసం వచ్చాను" అంది.

"మంచిదే. నా కంటే కాయలే నయం. ఏరుకో."

మర్నాటికి చాలామంది వచ్చారు. పుల్లగా ఉన్నా, ఉడకబెట్టి నల్లబెల్లంతో బాగా మరిగిస్తే జామ్ అవుతుందని డెల్ఫియాయే వాళ్ళకు చెబుతోంది. మా ఇంటి ముందే పెద్ద రాగి కాగు పెట్టి, వంతులవారీగా కర్ర తెడ్డుతో కలిపారు. కోపాలు పోయాయని చెప్పను. కాగు చుట్టూ నిలబడి మా అత్తగారిని ఆమె ఎదుటే తిట్టారు. ఆమె కూడా ఊరుకోలేదు. కాని నవంబరులో చెట్టు మీద మిగిలినవి కోసే వేళకు పిలవకుండానే వాళ్ళే నిచ్చెనలు మోసుకొచ్చారు. కూలికి బదులు కాయలే తీసుకున్నారు. మాకు పెట్టెలు లేవు, షెడ్డువి ఇవ్వరు. దుప్పట్లలో మోసి నేలమాళిగలో గడ్డి పరిచి, ఒకదానికొకటి తగలకుండా పేర్చాం.

తరవాత పని కనిపెట్టుకుని ఉండటమే. అత్తగారు అప్పుడప్పుడు దిగి ఒక కాయ తెచ్చి, కోసి, చెరో ముక్కా చేసేది. డిసెంబరులో ఇంకా మొండిగానే ఉంది. జనవరిలో తోలు కింద పసుపు తిరిగింది. ఫిబ్రవరిలో ఒక పొద్దున నేలమాళిగ తలుపు తీస్తే వాసన నా మొహాన కొట్టింది. ఆ రోజు ముక్క నోట్లో పెట్టుకుని నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. మొదట కరకర, వెంటనే తీపి, ఆ వెనక నాలుక చివర చిన్న చురుకు. ఆమె నా మొహం చూస్తూ తన ముక్క తినడం మర్చిపోయింది.

పాత ట్రక్కు నింపుకుని మిల్లు గేటుకు వెళ్ళాం. పని మారే కూత వేసింది. జనం బయటికి వచ్చారు గాని, మా కాయల రంగు చూసి ఎవరూ ఆగడం లేదు. అప్పటిదాకా ఎవరికీ తగ్గని మా అత్తగారు ఆ గేటు ముందు బిక్కచచ్చిపోయింది. ఆమెకు చెట్లు తెలుసు, ఈ మనుషులు తెలియరు. నాకు తెలుసు. ట్రక్కు మెట్టెక్కి, పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టాను. ఫలానా వారి కోడలా, నీ బిడ్డ ఎలా ఉంది, ఇటు రా అని. కాయ కోసి ముక్కలు చేతుల్లో పెట్టాను. వికారంగా ఉందే పిల్లా నీ యాపిల్ అంది ఒకావిడ నోట్లో పెట్టుకుంటూనే. తరవాత సంచీ తెరిచింది.

వరసలో ఒకచోట గార్లండ్ ఉన్నాడు. జుట్టంతా దూది. అందరిలాగే నిలబడి, వంతు వచ్చాక అందరిలాగే నాణెం నా చేతిలో పెట్టాడు. నేను పుచ్చుకున్నాను, కాయ ఇచ్చాను. పక్కకి జరిగి తిన్నాడు. తింటున్నంతసేపూ తల్లి ట్రక్కు లోపల నుంచి అతన్నే చూస్తూ కూర్చుంది.

"ఇంకా ఉన్నాయా కింద?" అని అడిగాడు చివరికి.

"నువ్వే వచ్చి చూసుకో" అన్నాను.

శనివారం వచ్చాడు. మేం ముగ్గురం కలిసి మార్చి దాకా అదే గేటు దగ్గర అమ్మాం. ఉన్నవన్నీ అయిపోయాయి. హోబర్ట్ ఒకసారి మనిషిని పంపి కొన్ని కొనిపించాడని తెలిసింది. అత్తగారు ఆ మనిషికి అందరితో సమానంగా అమ్మమంది, అంతే.

మరుసటి ఏడు జెనెట్ దాదాపు కాయలేదు. అంత కాపు కాసిన చెట్టు ఒక ఏడు సేద తీరుతుంది. అప్పుడిక మాకు దిక్కు అత్తగారు ఆమడ దూరాన పెట్టే ఎర్ర డెలీషియసే. అవి మాత్రం విరగకాశాయి. ఆమె నడుం పట్టేసి ఎక్కువగా వసారాలోనే కూర్చుంటోంది.

ఆగస్టు చివర్లో హోబర్ట్ వచ్చాడు. ఏడాది తరవాత అదే మా గడప తొక్కడం. అక్కకి టోపీ తీసి పలకరించి, గార్లండ్ దగ్గరికి వెళ్ళి, ఈ వారంలో కోసేద్దామా, పట్నంలో అందరికంటే ముందు మనవే దిగాలి అన్నాడు. గార్లండ్ చక్రానికి నూనె వేస్తున్నాడు. తల ఎత్తకుండానే, "వెర్లీని అడుగు మావయ్యా" అన్నాడు.

హోబర్ట్ అక్క వైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోవడం లేదని అందరికీ తెలుసు.

నేను దగ్గరి కొమ్మ నుంచి ఒక కాయ కోశాను. ఎర్రగా, నిగనిగలాడుతూ, ఎవరైనా చేయి చాచేలా ఉంది. ఏప్రాన్ జేబులోని చాకుతో అడ్డంగా కోసి, రెండు సగాలూ అతని ముందు పెట్టాను.

"గింజ ఇంకా తెల్లగానే ఉంది మావయ్యా" అన్నాను. "నల్లబడ్డాక నేనే కబురు చేస్తాను."